తుడవని అద్దం

ఈ ఊరికి సముద్రం లేదు.
నేనే బకెట్ల కలిపిన.
ఫిల్టర్ నీళ్ళు, ప్యాకెట్ ఉప్పు,
రాత్రంతా తిరిగే చిన్న మోటరు.
పొద్దుగాల నాలుక మీద ఒక చుక్క ఏసుకుంటే
ఎన్నడో ఒక్కసారి చూసిన బాపట్ల యాదికొచ్చింది.

ఉప్పు సంచి పైకి మోసుకొచ్చి
వాచ్‌మన్ సాయిలు అడిగిండు:
"నల్లా మూడొద్దులకోసారి వస్తది,
ఆ నీళ్ళల్ల నువ్వు ఉప్పు పోస్తున్నవా సారూ?"
సైదాబాద్‌ల, నాలుగో అంతస్తుల,
ఇనుప స్టాండు మీద రెండు వందల లీటర్లు.
ఏం జవాబు చెప్పాలె?
చాయ్ పోసిన.

ముర్గీచౌక్ ఖుద్దూస్ భాయ్ చేపనియ్యలేదు.
"అభీ నక్కో. ఖాళీ నీళ్ళు చూస్కుంట కూసో నెల రోజులు.
సబర్ రాకుంటే చేప రాదు."
కూసున్న.
పగలు ల్యాబ్‌ల పరాయోళ్ళ రక్తానికి పరీక్ష,
రాత్రి ఇంట్ల నీళ్ళకు పరీక్ష.
గాజుగొట్టంల రంగు
పచ్చ నుంచి పసుపుకు తిరిగిన రోజు
ఎవరికో జ్వరం దిగినట్టనిపించింది.

అప్పుడొచ్చింది పాకురు.
ముందుగాల ఇసుక మీద తుప్పు లెక్క,
తర్వాత రాళ్ళ మీద, అద్దం మీద,
ఎండిన కాచు పూసినట్టు.
గీకిన. మళ్ళొచ్చింది. గీకిన.
ఫోను చేసి మొత్తుకుంటే భాయ్ నవ్విండు:
"ముబారక్. నీ తొట్టిల పానం పడ్డది."

సంచుల నీళ్ళల్ల వచ్చిన్రు పనోళ్ళు:
బొంగరాలసొంటి నత్తలు ఆరు,
శంఖంల కిరాయికున్న నీలికాళ్ళ ఎండ్రికాయలు నాలుగు.
గంటన్నర సేపు చుక్కచుక్కగ మా నీళ్ళు అలవాటు చేసి
ఒక్కొక్కదాన్నే ఇసుక మీద దించిన.
జీతం మాట ఎవరూ ఎత్తలేదు.

రాత్రి లైటు తీసి టార్చి పట్టి చూసిన.
అద్దానికి అవతల ఒక నోరు,
ఆకురాయి అసొంటి నాలుక,
తెరుచుకుంట, మూసుకుంట, తెరుచుకుంట,
పెరుగు గిన్నె నాకే పిల్లగాని తీరు.
ఎనక సన్నటి తెల్ల తొవ్వ.

ఒకటి ఎల్లెలకల పడ్డది.
మోచేతి దాక చెయ్యి ముంచి తిప్పి పెట్టిన.
మళ్ళ పడ్డది. మళ్ళ తిప్పిన.
పనికి తెచ్చుకున్నోళ్ళకు
నేను పనోణ్ణయిన.

ఇరవై రోజులకు తొట్టి మెరిసింది.
"అసలు అద్దముందా సారూ?" అని సాయిలు
వేలు పెట్టి చూసిండు.
ఫోటోలు తీసి ఖుద్దూస్ భాయ్‌కి పంపిన.
ఆయన ఒక్కటే మాటడిగిండు:
"మరిప్పుడు వాళ్ళేం తింటరు?"

ఆ రాత్రి నేను కూడ సరిగ్గ తినలేదు.
తెల్లారి చూస్తే ఒక బొంగరం ఖాళీ.
కాదు, ఖాళీ కాదు,
ఒక ఎండ్రికాయ దాంట్ల సొచ్చి తిరుగుతున్నది,
కొత్తింట్ల సామాను సర్దుకునేటోని లెక్క.
నత్త ఆకలికి సచ్చిందో,
ఇంటి కోసం వీడే చంపిండో,
నా గాజుగొట్టంల ఆ రంగు తేలదు.

ఇప్పుడు పాలకూర ఉడికిచ్చి
రాయికి రబ్బరు బ్యాండుతో కట్టి పెడుతున్న.
గోడ దిక్కున్న అద్దాన్ని ముట్టుకుంటలేను.
అక్కడ పాకురు దాని ఇష్టం.
వచ్చినోళ్ళు మెడ వంచి తొంగి చూసి
"ఈ పక్క మర్చిపోయినవా?" అంటరు.
ఊ అంట.

చేప ఇంక రాలేదు.
ఆదివారం రమ్మన్నడు భాయ్, నారింజ రంగుది ఒకటుందట.
పోవాల్నా వద్దా తేల్చుకోలే.
నిన్న రాత్రి కరెంటు పోయింది.
ఇన్వర్టరు గుర్రుమంటుంటే
పక్క నుంచి టార్చి పట్టి చూసిన,
ఆ మాసిన అద్దం మీద ఐదు సన్నటి తొవ్వలు
ఒకదాన్నొకటి దాటుకుంట పోయినయి,
ఎటు పోయినయో
పూర్తిగ కనపడలేదు.